గాలిమోటరూ, ఇస్రాయేలు వేలిముద్రా

ఇస్రాయేలు గాలిమోటరును, అదే విమానాన్ని, కూలగొట్టాడని, అందులో పదిహేడు మంది చచ్చారని, తప్పు తన మీద వేసుకున్నందుకు పటేలు అతనికి రెండెకరాల చెలక రాసిచ్చాడని మర్రిగూడ అంగడిలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మొన్న ఉప్పుకోసం పోతే, నన్నెరగని ఒకావిడ ఈ కథ నాకే చెప్పింది. సంచి కింద పెట్టి, ఆమెను ఎండలో నిలబెట్టి, మొదటి నుంచీ చెప్పి పంపించాను. పాపం, ఆమె ఇంటికి పోయేసరికి పొద్దుగూకి ఉంటుంది. కానీ ఒక్కొక్కరినీ ఎక్కడని నిలబెట్టను? అందుకే రాస్తున్నాను. నేను చదివింది మిషను బడిలో నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి, సంగతి మాత్రం దిద్దకండి.

ఆ మోటరులో పదిహేడు మంది లేనే లేరు. నడిపేవాళ్లతో కలిపి పద్నాలుగు మంది. నేను లెక్కపెట్టాను. ఒక్కరూ చావలేదు. చచ్చింది గద్ద ఒక్కటే. ఇక ఆ రెండెకరాల చెలక ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే నేనే పోయి దున్ని వస్తాను.

ఇస్రాయేలు ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. ఊళ్లో ఎవరి ఎద్దు చచ్చినా, బర్రె చచ్చినా ముందు అతనికే కబురు వచ్చేది. అతనూ, భార్య బిక్షమ్మా పోయి తాళ్లు కట్టి ఈడ్చుకెళ్లేవారు. తోలు ఒలిచి, తంగేడు చెక్క వేసిన లందగోలెంలో నానబెట్టి, దాంతో మోట బొక్కెనలు, చెప్పులు, ఎడ్ల పట్టెడలు చేసేవాడు. ఊరంతా అతని చెప్పులతోనే నడిచేది. అందుకు కళ్లాల కాడ నాలుగు చేటల జొన్నలు పోసేవారు. ఎద్దుకు ప్రాణమున్నంతసేపు అది పటేలుది. ప్రాణం పోయిన ఘడియ నుంచి ఇస్రాయేలుది. అది అతని హక్కు. వాళ్ల తాత కాలం నుంచీ అంతే. ఎక్కడా రాసి మాత్రం లేదు.

అతని గురించి ఇంకొక మాట ముందే చెప్పాలి. మా ఊరి నీళ్ల గుణమని దవాఖానవాళ్లంటారు, ముప్పై ఏళ్లు దాటేసరికే అతని మెడ బిగిసిపోయింది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. పైకి చూడడం అసలే చేతకాదు. రోజూ నెత్తి మీద గద్దలు తిరుగుతుంటే అతను వాటిని చూసి ఎరగడు. నేల మీద నీడలు చూసి చెప్పేవాడు. పుస్తకాల్లో రాబందులంటారే, ఆ బోడిమెడ పక్షులను మేము గద్దలనే అంటాం.

"అక్కా, ఇయ్యాల కొత్తయి రెండొచ్చినయి."

"నీకెట్ల తెలుసురా?"

"నీడ ఎడల్పున్నది. మనూరియి గింత పెద్దయి కావు."

తలెత్తి చూస్తే నిజంగానే కొత్తవి ఉండేవి.

పందొమ్మిదివందల అరవై ఒకటిలో మా ఊరికి తోళ్లు కొనే సాయిబు బండి వేసుకుని రావడం మొదలుపెట్టాడు. అంతకుముందు తోలంటే ముక్కు మూసుకునే పటేలు రామచంద్రయ్యకు ఒక్కసారిగా తోలు వాసన నచ్చింది. ఇస్రాయేలును అరుగు కిందికి పిలిపించాడు. నేను పటేలు దొడ్లో వడ్లు దంచుతున్నాను. రోకలి ఆపి విన్నాను.

"ఇగ నుంచి మా గొడ్ల తోళ్లు మాయేరా. ఒలిచి తెచ్చి దొడ్లె ఎయ్యి."

"దొరా, గది మా తాతల సంది మా హక్కు."

"మీ తాత రాయించుకున్నడా? కాయితం ఉన్నదా?"

"కాయితం లేదు దొరా. హక్కున్నది."

"కాయితం లేని హక్కు ఎవనికి చూపెడ్తవురా? గోడకా?"

అరుగు మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఇస్రాయేలు మెడ వంగదు గదా, తల దించుకోలేక నిటారుగా నిలబడి ఆ నవ్వంతా విన్నాడు. పొగరుతో నిలబడ్డాడని తరువాత ఎవరో అన్నారు. అప్పటి నుంచి పటేలు గొడ్ల తోళ్లు పటేలు దొడ్లోకే పోయాయి, మిగతావాళ్లవే ఇస్రాయేలుకు మిగిలాయి. ఆ ఏడాదంతా అతని నోట ఒకటే మాట. "రాసిచ్చేటోడు ఎవడక్కా? తాసిల్దారా? కలెకటరా? ఎవనికి మొక్కాలె?" నేను నాలుగో తరగతి చదువుతో ఒక అర్జీ రాసిచ్చాను. జవాబు రాలేదు. ఇంకొకటి రాశాను. దానికీ రాలేదు.

ఆ మరుసటి ఏడు వానల్లేవు. ఎండాకాలంలో పశువులకు రోగం తగిలింది. వారంలో ఆరేడు చచ్చాయి. అప్పటిదాకా చచ్చిన గొడ్లను వాగు అవతలి గుంతలో వేసేవాళ్లు. అక్కడికి దగ్గరలో పటేలు కొత్త బావి తవ్విస్తున్నాడు. గుంతలో వద్దు, గుట్ట మీది బండ మీద వేయమన్నాడు. ఈ మాట పుకారు కాదు. పటేలు దగ్గర పద్నాలుగేళ్లు జీతమున్న చెన్నయ్య పక్కనే నిలబడి విన్నాడు. ఇప్పుడు పానగల్‌లో కూతురింట ఉంటున్నాడు. నేను బస్సెక్కి పోయి అతని నోటితోనే చెప్పించుకున్నాను.

"చెన్నన్నా, ఇస్రాయేలు సరేనన్నడా మరి?"

"యాడ అన్నడు జానమ్మా! 'దొరా, గుట్ట మీద ఏస్తే గద్దలు మస్తు పైకి లేస్తయి. గాలిమోటరు నీడ రోజు గా బండ మీదికెళ్లే పోతది, నేను చూస్తున్న గద' అన్నడు."

"పటేలేమన్నడు?"

"ఏమంటడు. 'మెడ లేవనోనికి మొగులు సంగతి ఏందిరా' అన్నడు. అందరు నవ్విండ్రు."

"నువ్వు?"

చెన్నయ్య చుట్ట ఆర్పి, మళ్లీ అంటించుకున్నాడు.

"నేను గూడ నవ్విన. జీతమున్నోణ్ణి."

రోజూ పోయే మోటరు గద్దలకు అందనంత ఎత్తున పోయేది. పిల్లలు చేతులూపితే లోపలివాళ్లకు కనబడేది కూడా కాదు. ఆ రోజు వచ్చింది వేరే మోటరు. అందులో ఉన్న పెద్దమనుషులకు కృష్ణ మీద కడుతున్న ఆనకట్ట పనులు చూపించాలని నడిపే ఆయన బాగా కిందికి దించాడట. ఈ సంగతి అందులో కూర్చున్న ఒకావిడ నాతోనే చెప్పింది. సర్కారు కాగితంలో మాత్రం లేదు.

పొద్దున పది గంటలు దాటింది. నేను గడ్డివాము కాడ ఉన్నాను. గుట్ట మీద వేడి గాలికి గద్దలు చక్రాలు తిరుగుతూ లేస్తున్నాయి. మోటరు వాటి నడుమకు వచ్చింది. ఇంటికప్పు మీద గుమ్మడికాయ పడ్డట్టు ఒక చప్పుడు. అంతే. మోటరు ఒక పక్కకు ఒరిగి, మళ్లీ లేచి, ఊరి మీద ఒక చుట్టు తిరిగి, నీళ్లు లేని మా కుంటలో పొట్ట ఆనించి, దుమ్ములో చాలాదూరం దేక్కుంటూ పోయి ఆగింది. కరువు రావడం ఆ పద్నాలుగు మంది అదృష్టం. నీళ్లుంటే ఏమయ్యేవారో.

ఊరంతా ఉరికింది. తలుపు తెరుచుకుని ఒక్కొక్కరే దిగారు. పట్టుచీర ఆవిడ ఒకతి నా చేతిలో చెంబు చూసి, "నీళ్లు ఉన్నాయా అమ్మా?" అంది. ఇచ్చాను. "అమ్మా, గవి తాగకుండ్రి, వాళ్లు గా వాడోళ్లు!" అని పటేలు తమ్ముడు దూరం నుంచి అరిచాడు. ఆవిడ అతని వైపు చూస్తూనే గటగట తాగింది. తాగి, చెంబు తిరగేసి, "ఇంకా ఉన్నాయా?" అంది. ఆ రోజు నాకు దొరికిన సంతోషం అదొక్కటే.

మోటరు ముందు భాగంలో అద్దం పగిలి ఉంది. నడిపే ఆయన లోపలే ఉన్నాడు. పట్టీ కట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కళ్ల నిండా గాజు ముక్కలు. ఒడిలో సగం చీలిన గద్ద, దాని పేగులు. పక్కన కూర్చుని మోటరును కుంటలో దించిన రెండో ఆయన చెయ్యి విరిగి తలుపు దగ్గర కూలబడ్డాడు. ప్రయాణం చేసినవాళ్లలో ఇద్దరు లోపలికి తొంగిచూసి, బయటికి వచ్చి వాంతి చేసుకున్నారు. మా ఊరివాళ్లు ఒక్కరూ కదల్లేదు. చచ్చినదాన్ని వాళ్లు ముట్టుకోకూడదు. దాని కిందున్న బతికిన మనిషిని ముట్టుకోవాలంటే ముందు చచ్చినదాన్ని తీయాలి. పటేలు వచ్చి చూసి ఒకటే మాట అన్నాడు.

"ఇస్రాయేలును పిలువుండ్రి."

ఇస్రాయేలు గుట్ట మీద ఉన్నాడు. ఒకడు పరుగెత్తాడు. ఇద్దరు కలిసి వచ్చేసరికి అరగంట పైనే పట్టింది. ఆ అరగంటా ఆ మనిషి "ఎవరైనా ఉన్నారా?" అని తనకు వచ్చిన భాషలన్నిటిలో అడుగుతూనే ఉన్నాడు. మేము వందమందిమి ఉన్నాం. నేనూ ఉన్నాను. మా ఆయన నా కొంగు పట్టుకుని "నీకెందుకే" అన్నాడు. నేను ఆగాను. ఊళ్లో ప్రతి పనిలోనూ తల దూర్చే దాన్ని, ఆ ఒక్క పనిలో ఆగాను.

ఇస్రాయేలు వచ్చి ఎవరినీ అడగలేదు. లోపలికి పోయి గద్దను ఎత్తి బయట గోనెపట్టా మీద పెట్టాడు. తోలు ఒలిచే కత్తితో పట్టీ కోసి, ఆ మనిషిని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దింపాడు. "భయపడకు అయ్యా, భయపడకు" అంటూనే ఉన్నాడు. ఆయన ఒక కన్ను పోయిందని తరువాత తెలిసింది. గద్ద వల్ల పోయిందని కాగితంలో ఉంది. అరగంట సంగతి అందులో లేదు.

"గా గద్దను ఆడనే పట్టుకోని కూసోరా. సచ్చింది గద, నీదే" అన్నాడు పటేలు. దెబ్బలు తగిలినవాళ్లను లారీలో పంపించి, పటేలు అన్నానికి తన ఇంటికి పోయాడు. ఇస్రాయేలు ఎండలో కుంట నడుమ గద్ద పక్కన కూర్చున్నాడు. అంగీ నిండా నెత్తురు, చేతిలో కత్తి. సాయంత్రం జీపులో వచ్చిన అధికారులు మొట్టమొదట చూసింది అదే.

రెండు రోజులు విచారణ చేశారు. గద్ద ఈకలు లిఫాఫాలో వేసుకున్నారు. గుట్ట ఎక్కి గొడ్ల ఎముకలు చూశారు. మూడో రోజు చావడి ముందు కుర్చీలు వేసి కాగితం రాశారు. మా వాడకట్టు వాళ్లను దూరంగా నిలబెట్టారు. జీపు ఇంజను ఆపలేదు. ఒకాయన కాగితం పైకి చదవడం కనిపించింది గానీ, ఒక్క మాట వినిపిస్తే ఒట్టు. ముందుకు పోబోతే జవాను లాఠీ అడ్డం పెట్టాడు. చెన్నయ్యను అడిగితే ఆ సమయానికి తనను చాయ్ తేవడానికి పంపించారన్నాడు.

నా కళ్లతో చూసింది ఇది: చదవడం అయిపోయింది. ఇస్రాయేలు ఒళ్లంతా తిప్పి పటేలు మొహం చూశాడు. పటేలు ఏమీ అనలేదు. ఇస్రాయేలు ముందుకు పోయి, ఎవరూ బలవంతం చేయకుండానే, వేలిముద్ర వేశాడు. వేసి నవ్వుకుంటూ వచ్చాడు.

ఆ నవ్వే అతని కొంప ముంచింది. పటేలు దగ్గర ఏదో తిన్నాడు, లేకపోతే ఎందుకు నవ్వుతాడు అన్నారు. అప్పుడు పుట్టిన పుకారే ఇప్పుడు రెండెకరాల చెలక దాకా పెరిగింది. ఆ రాత్రి కోడిని కోయమన్నాడని బిక్షమ్మ చెప్పింది. "ఎందుకయ్యా అంటే ఊకె నవ్విండు వదినె. రేపు చెప్త అన్నడు. తెల్లారి జవాన్లొచ్చి పట్టుకపోయిండ్రు."

ఎనిమిది రోజులు తాలూకా కచేరీ కొట్టులో ఉంచారు. తిరిగి వచ్చాక నవ్వూ లేదు, మాటా లేదు. నెల దాటాక హుకుం వచ్చింది. చావడి గోడకు అంటిస్తే పోయి చదివాను. కళేబరాలు ఇస్రాయేలువేనని అతనే ఒప్పుకున్నాడు గనుక, ఇకముందు ఊళ్లో చచ్చిన ప్రతి పశువునూ అతనే తన ఖర్చుతో తోలుతో సహా నిలువులోతు గోతిలో పూడ్చాలి, పూడ్చకపోతే జైలు. గుట్ట మీద వేయమన్నది ఎవరో అందులో లేదు. మోటరు ఎందుకు అంత కిందికి వచ్చిందో లేదు. ఒక్క ఇస్రాయేలు పేరు మాత్రం నాలుగుసార్లు ఉంది.

మెడ తిరగనివాడు గోతులు తవ్వాడు. రాతినేల. ఒక్కో ఎద్దుకు రెండు రోజులు. కళ్ల ముందర తోళ్లు మట్టిలో కలిసిపోయాయి. లందగోలెం ఎండి పగుళ్లు వారింది. తోలు లేకపోతే చెప్పులెక్కడివి, చెప్పులు లేకపోతే జొన్నలెందుకు పోస్తారు? బిక్షమ్మ ఆనకట్ట పనికి పోయి రాళ్లు మోసింది. ఊరు టైరు చెప్పులు కొనుక్కుంది. పిల్లలు అతన్ని "గాలిమోటరు తాత" అని పిలిచేవారు. అప్పటికి అతనికి నలభై కూడా లేవు.

నేనెందుకు అప్పుడే అడగలేదంటే, మా ఆయన పటేలు భూమి కౌలు చేస్తున్నాడు. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. గోడకు ఇవతల ఉండి ఊరందరి సంగతులూ అడిగాను గానీ, గోడకు అవతల ఉన్నవాణ్ణి అడగలేదు.

పటేలు పోయి ఏడాదిన్నర అయింది. ఈ ఎండాకాలం మా మిషను బడిలో గంట కొట్టే పని ఖాళీ అయింది. నీడలో కూర్చునే పని, నెలనెలా జీతం. ఇస్రాయేలుకు ఇప్పించమని పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయాను.

"అతను మనుషులు చచ్చిన కేసులో ఉన్నవాడు కదమ్మా" అన్నారు అయ్యగారు.

"చావలేదయ్యగారూ. ఒక్కరూ చావలేదు."

"అయితే తనే ఒప్పుకుని వేలిముద్ర ఎందుకు వేశాడు? అతన్ని అడిగి, అది నాకు చెప్పు. సరిగా ఉంటే పని అతనిదే."

తిన్నగా గోడ అవతలికి పోయి అడిగితే ఒక్క పూట పని. నేనలా చేయలేదు. రుజువులు కావాలనుకున్నాను. పానగల్‌లో చెన్నయ్య దగ్గరికి పోయాను. తోళ్ల సాయిబును వెతుక్కుంటూ మోత్కూర్ పోయాను. బిక్షమ్మను మూడుసార్లు అడిగాను. చావడిలో పాత హుకుం నకలు రాసుకున్నాను. మూడు వారాలు తిరిగి, అన్నీ మూటగట్టుకుని అయ్యగారి దగ్గరికి పోయేసరికి, బళ్లో గంట మోగుతోంది. ఎవరో కుర్రవాడు కొడుతున్నాడు. "బడి తెరిచారు కదమ్మా, ఎన్నాళ్లని ఆపను?" అన్నారు అయ్యగారు.

ఆ మూట చంకలో పెట్టుకుని గోడ అవతలికి పోయాను. ఇస్రాయేలు గడప ముందు కూర్చుని ఎవరిదో టైరు చెప్పుకు మేకు కొడుతున్నాడు. పని పోయిందని చెప్పాను. "పోనీ అక్కా" అన్నాడు. కూర్చున్నాను. ఏడేళ్లలో మొదటిసారి సూటిగా అడిగాను.

"తమ్మీ, గుట్ట మీద ఎయ్యమన్నది పటేలు. వద్దన్నది నువ్వు. మరి ఎవ్వరు కొట్టకుంట తిట్టకుంట, నీ అంతట నువ్వే పోయి యాలుముద్ర ఎందుకేసినవు? నవ్వుకుంట ఎందుకొచ్చినవు?"

మేకు పక్కన పెట్టాడు. ఒళ్లంతా తిప్పి నా వైపుకు కూర్చున్నాడు.

"గాలిమోటరు సంగతని నేననుకోలే అక్కా. గా సర్కారాయన కాయితం సదివిండు. 'ఈ ఊర్ల సచ్చిన గొడ్లన్ని ఇస్రాయేలువే' అని సదివిండు. పటేలు ఎదురుంగ కూసోని ఇన్నడు, కాదనలే. మా తాత అడిగిండు, మా నాయిన అడిగిండు, నువ్వు గూడ రెండు అర్జీలు రాస్తివి. ఎవ్వడు రాసియ్యలే గా మాట. ఆ పొద్దు సర్కారే రాసింది అనుకున్న. గందుకే ఏసిన. ఇంకో యాలు గూడ ఏస్తనంటే, ఒక్కటి సాలన్నడు."